రక్తము పలచబడే మాత్ర

(శతజయంతి ఉత్సవములలో స్త్రీల మైత్రి కూటమున ఒక వైద్యురాలు చేసిన ప్రసంగపాఠము)



కార్యదర్శి గారు నన్ను “ఆరోగ్యము” అను అంశము మీద మాట్లాడమన్నారు. ఆరోగ్యము సముద్రము వంటిది. అరగంటలో దానిని ఈదుట నా వల్ల కాదు. కనుక ఒక్క మాత్రను గురించి మాత్రమే చెబుతాను. కందిబద్దంత మాత్ర. దాని పేరు వార్ఫరిన్. అదే పని చేసే దాని చెల్లెలు ఒకటి ఉంది, అసెనోకుమరాల్. మందుల షాపులో ఎసిట్రోమ్ అని అడుగుతారు. మన జనము ఈ రెంటినీ “రక్తము పలచబడే బిళ్ళ” అంటారు.

ఇంత పెద్ద పండుగలో ఇంత చిన్న మాత్ర సంగతి ఎందుకని మీరు అనుకోవచ్చు. ఆరాధనలో మౌన ప్రార్థన చేసేటప్పుడు ఎప్పుడైనా మీ పక్కన కూర్చున్న సోదరి ఛాతీలోనుండి గడియారము వలె టిక్కు టిక్కుమని శబ్దము విన్నారా? నేను విన్నాను. అది లోహపు వాల్వు మూసుకొనే చప్పుడు. మన పాస్టరేట్లలో అటువంటివారు ఒకరిద్దరు కాదు. వారి ప్రాణము ఈ మాత్ర మీద ఆధారపడి ఉన్నది. ఆ మాత్రను గురించి వారికి సగమే తెలుసు, వారి ఇంటివారికి ఆ సగము కూడా తెలియదు. ఈ స్థితికి మా వైద్యుల తప్పు కూడా ఉన్నది. దానిని తరువాత చెబుతాను.

ముందు జబ్బు సంగతి. అయిదు మొదలు పదిహేను ఏండ్ల లోపు పిల్లలకు గొంతునొప్పి వస్తుంది. అందులో ఒక రకము స్ట్రెప్టోకాకస్ అను క్రిమి వలన వస్తుంది. దానికి సరియైన మందు పడకపోతే కొందరు పిల్లలకు రెండు మూడు వారముల తరువాత కీళ్ళవాత జ్వరము వస్తుంది. ఇవాళ మోకాలు, రేపు మోచేయి వాచి, తగ్గిపోతుంది. తల్లి “తగ్గిందిలే” అనుకొంటుంది. కీళ్ళు తగ్గుతాయి గాని గుండెలోని కవాటములు మచ్చపడి బిగిసిపోతాయి. ఎక్కువగా దెబ్బతినేది మైట్రల్ కవాటము. బిషప్ గారు ఇక్కడ ఉన్నారు గనుక చెబుతున్నాను, ఆ కవాటము బిషప్పులు ధరించే మైటర్ అను కిరీటము ఆకారములో ఉందని పూర్వపు శరీరశాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టారు.

కవాటము ఇరుకైతే రక్తము గుండె పై గదిలో నిలిచిపోతుంది, ఆ గది సాగుతుంది, గుండె లయ తప్పుతుంది. కదలని నీటికి పాచి పట్టినట్లు నిలిచిన రక్తము గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి మెదడుకు పోతే పక్షవాతము. పాశ్చాత్య దేశములలో ఈ మాత్రను ఎక్కువగా డెబ్బై ఏండ్లు దాటిన వృద్ధులు వాడతారు. మన ఆసుపత్రులలో పాతికేండ్ల కోడలు, ముప్పై ఏండ్ల కూలి మనిషి వాడతారు. పుస్తకములు వ్రాసినవారు ఆ వృద్ధులను చూచి వ్రాశారు, మేము ఈ కోడలికి వైద్యము చేస్తున్నాము.

కవాటము బాగు చేయుటకు వీలు లేకపోతే దానిని తీసి లోహపు వాల్వు వేస్తారు. మన దేశములోనే తిరువనంతపురములోని శ్రీ చిత్ర సంస్థ వారు తయారు చేసిన వాల్వును 1990 డిసెంబరులో మొదటిసారి ఒక రోగికి అమర్చారు. 2007లో ఆంధ్ర ప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమైన తరువాత ఎకరము భూమి కూడా లేని కుటుంబములవారు సైతము ఈ ఆపరేషను చేయించుకోగలిగారు. దేవునికి స్తోత్రము. అయితే లోహము మన శరీరమునకు పరాయి వస్తువు, దాని మీద రక్తము గడ్డకట్టాలని చూస్తుంది. అందుచేత ఆపరేషను ఒక పూట పని అయితే మాత్ర బ్రతికినంత కాలము పని. మాత్ర ఖరీదు తక్కువే. బస్సు చార్జీ, పోయిన కూలి, రక్తపరీక్ష, తోడు వచ్చిన మనిషి కూలి, ఇవే ఖరీదు.

ఈ మందు ఎలా పుట్టిందో చెబితే పశువులున్న ఇంటివారికి బాగా అర్థమవుతుంది. 1920 ప్రాంతములలో కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రములలోను పశువులు ఉన్నట్టుండి రక్తము కారి చనిపోసాగాయి. కొమ్ము కోసినా రక్తము ఆగదు. కారణము పాచిపోయిన గడ్డి. తీపి క్లోవరు అను పశుగ్రాసము తడిసి బూజు పట్టినప్పుడు అందులో ఒక విషము తయారవుతుంది. 1933లో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకడు మంచు తుఫానులో చచ్చిన పెయ్యను, పాలబిందెలో గడ్డకట్టని రక్తమును, ఆ గడ్డిని బండిలో వేసుకొని విశ్వవిద్యాలయమునకు వచ్చాడు. అక్కడ కార్ల్ పాల్ లింక్ అను రసాయన శాస్త్రజ్ఞుడు, ఆయన శిష్యులు ఆరేండ్లు కష్టపడి 1939లో ఆ పదార్థమును వేరు చేశారు. దానినుండి పుట్టినదే వార్ఫరిన్. పరిశోధనకు డబ్బిచ్చిన సంస్థ పేరులోని మొదటి అక్షరములతో ఆ పేరు పెట్టారు. 1948లో దానిని మొట్టమొదట ఎలుకల మందుగా అమ్మారు. 1951లో ఒక అమెరికా సైనికుడు చావాలని దానిని తిని, ఆసుపత్రిలో విటమిన్ కె ఇవ్వగా బ్రతికాడు. దీనికి విరుగుడు ఉన్నదని, మనుష్యులకు వాడవచ్చునని అప్పుడు ధైర్యము కలిగింది. 1954 నుండి మనుష్యులకు ఇస్తున్నారు. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరుకు గుండెపోటు వచ్చినప్పుడు ఆయనకు కూడా ఇచ్చారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, చదువుకున్న మేనల్లుడొకడు సెల్‌ఫోనులో చూచి “అత్తా, నీకు ఎలుకల మందు ఇస్తున్నారే!” అన్నాడని ఒకామె మాత్రలు పెంటలో పారవేసింది. ఎలుకల మందే, నిజమే. ఉప్పు కూడా శేరు తింటే మనిషి చస్తాడు. కొలతే ముఖ్యము.

ఆ కొలత విషయములోనే మా కష్టమంతా. ఈ మాత్ర నిజముగా రక్తమును పలచన చేయదు. పాలలో నీళ్ళు కలిపినట్లు కాదు. మన కాలేయము విటమిన్ కె సాయముతో గడ్డకట్టించే పదార్థములను తయారు చేస్తుంది. ఈ మాత్ర ఆ విటమినుకు అడ్డుపడుతుంది. అప్పటికే తయారై ఉన్న పదార్థములు అరిగిపోవుటకు కొన్ని రోజులు పడుతుంది. కనుక ఇవాళ వేసిన మాత్ర ఫలితము రెండు మూడు రోజుల తరువాత గాని కనబడదు. నిన్న మరచిపోయాను గదా అని ఇవాళ రెండు వేసుకొనుట తప్పు. అదే రోజు గుర్తుకు వస్తే వేసుకోవాలి, మరునాడు గుర్తుకు వస్తే పోయినది పోయినట్లే, ఆ సంగతి కార్డు మీద వ్రాయాలి.

ఒకే బరువు, ఒకే వయస్సు ఉన్న ఇద్దరికి ఒకే మోతాదు సరిపోదు. ఒకరికి రోజుకు 2 మిల్లీగ్రాములు చాలు, ఇంకొకరికి 8 కావాలి. పరీక్ష చేసి తెలుసుకోవలసినదే. ఆ పరీక్ష పేరు ఐ.ఎన్.ఆర్. మామూలు మనిషికి ఇది ఒకటి దగ్గర ఉంటుంది. లయ తప్పిన గుండెకు, కాలి నరములలో గడ్డకు రెండు మూడుల మధ్య ఉండాలి. మైట్రల్ స్థానములో లోహపు వాల్వు ఉంటే రెండున్నర మూడున్నరల మధ్య ఉంచుతాము. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావము.

పూర్వము ఐ.ఎన్.ఆర్. లేదు. రక్తము ఎన్ని సెకన్లలో గడ్డకట్టిందో వ్రాసి ఇచ్చేవారు. అందులో ఒక చిక్కు ఉంది. పరీక్షకు వాడే మందు ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క బలము. మామూలు మనిషి రక్తమునకు 12 సెకన్లు, రోగి రక్తమునకు 24 సెకన్లు అని రెండు ల్యాబులు ఒకే మాట చెప్పినా, ఒక మందుతో ఐ.ఎన్.ఆర్. 2 అవుతుంది, ఇంకొక మందుతో 4 అవుతుంది. అంటే ఒక చీటీ “బాగుంది” అంటున్నది, రెండవ చీటీ “అపాయము” అంటున్నది. పైకి రెండూ 24 సెకన్లే! ఈ తేడా పోవుటకే 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐ.ఎన్.ఆర్. పద్ధతి పెట్టింది. సీసా పెట్టె మీద ఆ మందు బలము సంఖ్యగా వ్రాసి ఉంటుంది, దానితో లెక్క కట్టాలి. కొత్త పెట్టె విప్పినప్పుడు సంఖ్య మార్చకుండా పాత లెక్కే కట్టే ల్యాబులను నేను చూచాను.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఒక పెద్దాయన ఐ.ఎన్.ఆర్. ఉదయము 6 దాటి వచ్చింది. ఆయనకు ఎక్కడా రక్తము కారుట లేదు, కమిలిన మచ్చ లేదు. అనుమానము వచ్చి ల్యాబుకు పోయి చూస్తే నీలిమూత గొట్టములో రక్తము సగమే ఉన్నది. ఆ గొట్టములో ముందుగా కొంత ద్రావకము ఉంటుంది, దానికి తొమ్మిది పాళ్ళు రక్తము పట్టాలి. రక్తము తక్కువైతే పరీక్ష అబద్ధమాడుతుంది. గీత వరకు నింపి మళ్ళీ చేస్తే 2.7 వచ్చింది. పెద్దాయన నరము దొరకలేదని, ముసలివానిని మళ్ళీ పొడవలేక జాలిపడి, ల్యాబు అమ్మాయి ఉన్నంతలో సరిపెట్టింది. ఆ జాలి వలన ఆయన మాత్ర ఆపివేయవలసి వచ్చేది.

ఇప్పుడు నా తప్పు సంగతి. ఇరవై ఎనిమిదేండ్ల యువతి ఒకామె పట్నములో వాల్వు వేయించుకొని మా ఆసుపత్రికి పరీక్షలకు వచ్చేది. మన సంఘపు బిడ్డే. మొదటి నెలలోనే “ఎంతకాలము వేసుకోవాలి డాక్టరమ్మా?” అని అడిగింది. బయట నలభై మంది కూర్చుని ఉన్నారు. “బ్రతికినంత కాలము” అంటే భయపడుతుందేమోనని “చూద్దాములే అమ్మా, ముందు కోలుకో” అన్నాను. ఆ మాటను ఆమె మనస్సులో పెట్టుకొన్నది. ఎనిమిది నెలలకు వారి ఊరిలో స్వస్థత కూటములు జరిగాయి. అక్కడి బోధకుడు మాత్రలు మానమని అనలేదు, నేను విచారించాను. చేతులుంచి ప్రార్థన చేశాడు, అంతే. ఆమెకు మనశ్శాంతి కలిగింది, ఆయాసము లేదు, పొలము పనికి పోతున్నది. ప్రార్థన చేయించుకొని ఇంకా బిళ్ళ మింగుట అవిశ్వాసమని తనకు తానే అనుకొన్నది. డాక్టరమ్మ కూడా “చూద్దాము” అన్నది గదా, చూచుట అయిపోయింది అనుకొన్నది.

మూడవ వారము అర్ధరాత్రి తెచ్చారు. పడుకొంటే ఊపిరాడటము లేదు. స్టెతస్కోపు పెట్టి విన్నాను. టిక్కుమనవలసిన చోట టిక్కు లేదు, గుడ్డ చుట్టిన గంట కొట్టినట్లున్నది. వాల్వు మీద గడ్డ కట్టింది. ఆక్సిజను పెట్టి అంబులెన్సులో పట్నము పంపాము. అక్కడ గడ్డను కరిగించే మందు ఎక్కించారు. వాల్వు మళ్ళీ తెరచుకొన్నది గాని కరిగే గడ్డలోనుండి ఒక ముక్క మెదడుకు పోయి కుడిచేయి పడిపోయింది. ప్రాణము దక్కింది. ఆ చేయి ఇప్పటికి పూర్తిగా రాలేదు. అన్నము ఎడమచేత్తో తింటున్నది. నాట్లకు పోలేదు.

నేను విశ్వాసిని. ప్రార్థన లేకుండా వార్డులో అడుగు పెట్టను. ప్రభువు స్వస్థపరచగలడని నమ్ముతాను. లూకా వైద్యుడని, తిమోతి కడుపు జబ్బుకు పౌలు ఏమి వాడమన్నాడో మనకందరికి తెలుసు. కాని ఆ రాత్రి నాకు పట్టుకొన్న బాధ బోధకుని మీద కాదు, నా “చూద్దాము” మీద. అప్పటినుండి వాల్వు ఉన్నవారికి మొదటి రోజే, భర్తనో అత్తనో పక్కన కూర్చోబెట్టి, “ఇది జీవితాంతము” అని చెబుతున్నాను. కొందరు ఏడుస్తారు. ఏడ్చినవారు మాత్ర మానలేదు.

ఆహారము విషయములో మన ఊళ్ళలో సగము తెలిసినవారి బోధలు ఎక్కువ. “ఆకుకూర తినకూడదట” అని మాన్పిస్తారు. విటమిన్ కె ఆకుకూరలలో ఎక్కువ ఉన్నమాట నిజమే. తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకు అన్నిటిలో ఉన్నది. కాని రక్తహీనతతో ఉన్న స్త్రీకి ఆకుకూర మాన్పించి నేనేమి పెట్టను? తినండి. ఎప్పుడూ తినేంత తినండి. వారానికి మూడుసార్లు తినే అలవాటైతే మూడుసార్లే. ఒక నెల పూర్తిగా మాని, మరునెల మునగాకు దొరికిందని రోజూ తింటేనే చిక్కు.

లెంటు దినములలో ఉపవాసము ఉండేవారు ఈ మాట ప్రత్యేకముగా వినాలి. తిండి తగ్గితే విటమిన్ కె తగ్గుతుంది, పాత మోతాదే ఎక్కువ మోతాదు అవుతుంది. మట్టల ఆదివారము నాటికి చిగుళ్ళలో రక్తము వచ్చినవారిని చూచాను. ఉపవాసము ఉండదలచినవారు ముందు డాక్టరుతో మాట్లాడండి, పాస్టరు అయ్యగారితో కూడా మాట్లాడండి. ఉపవాసమునకు వేరే రూపములు ఉన్నవి, అయ్యగారు చెబుతారు. మాత్ర నీళ్ళతో మింగితే ఉపవాసము చెడుతుందా అని ఒకామె నన్ను అడిగింది. చెడదమ్మా అన్నాను, ఇందులో నాకు వేదాంతము రాకపోయినా ధైర్యముగానే అన్నాను.

ఇక ఇతర మందులు. ఊరిలో ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గరకు పోయి విరేచనములకు మెట్రోనిడజోల్ వేయించుకొంటే ఈ మాత్ర బలము పెరుగుతుంది. సెప్ట్రాన్ కూడా అంతే. కీళ్ళనొప్పులకు డైక్లోఫెనాక్, తలనొప్పికి ఆస్పిరిన్ కడుపులో రక్తస్రావము తెస్తాయి; నొప్పికి పారాసిటమాల్ మితముగా వాడవచ్చు. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ దీనికి విరోధి, బలము తగ్గిస్తుంది. క్షయ మందు ఆపిన తరువాత మోతాదు మళ్ళీ తగ్గించకపోతే ప్రమాదము. సారాయి సంగతి స్త్రీల మైత్రి కూటములో చెప్పనవసరము లేదు గాని ఇంటికి పోయి చెప్పండి. తుంటికి సూది వేయించుకోవద్దు, లోపల రక్తము కూడి గడ్డలా వాస్తుంది. కీళ్ళవాతమునకు మూడు వారములకొక పెన్సిలిన్ సూది వేసుకొనేవారు మాత్రము దానిని తమంతట తాము మానకుండా గుండె డాక్టరును అడగాలి. పన్ను తీయించుకోవాలన్నా చెప్పి తీయించుకోండి, ఐ.ఎన్.ఆర్. హద్దులో ఉంటే ఒక పన్నుకు సాధారణముగా మాత్ర ఆపనవసరము లేదు.

స్త్రీలతో ఒక మాట. ఈ మాత్ర వేసుకొనేవారికి నెలసరి ఎక్కువ కావచ్చు. సిగ్గుపడి ఎవరితోను చెప్పక ఆ అయిదు రోజులు మాత్ర మానివేసేవారున్నారు. సువార్తలో పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీని తలచుకోండి; ఆమె కూడా జనములో దాగియే వచ్చింది. మీరు మా దగ్గర దాగనవసరము లేదు, దానికి వేరే మందులున్నవి. గర్భము సంగతి ఇంకా ముఖ్యము. ఆరవ వారము మొదలు పన్నెండవ వారము వరకు ఈ మందు బిడ్డ ముక్కు, ఎముకల ఎదుగుదలను చెరుపవచ్చు. కాన్పు దగ్గర పడినప్పుడు బిడ్డ తలలో రక్తస్రావము కావచ్చు. అలాగని తల్లి తనంతట తాను మానితే వాల్వు మూసుకుపోతుంది. ఆ దినములలో హెపారిన్ సూదులకు మార్చుట, మోతాదు తక్కువైతే కొనసాగించుట గుండె డాక్టరు, కాన్పుల డాక్టరు కలిసి నిర్ణయిస్తారు. బిడ్డ కావాలనుకొన్నప్పుడే రండి. ముట్టు తప్పితే వారము ఆగకుండా రండి. వార్ఫరిన్ వేసుకొంటూ బిడ్డకు పాలివ్వవచ్చు.

విదేశములలో ఉన్న మన పిల్లలు ఫోను చేసి “అమ్మా, ఇంకా ఆ పాత మాత్రేనా, పరీక్షలు అక్కరలేని కొత్తవి వచ్చాయి, పంపుతాను” అంటున్నారు. కొత్తవి మంచివే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చింది. కాలి గడ్డలకు, వాల్వు జబ్బు లేని లయ తప్పుటకు వాడుతున్నాము. కాని లోహపు వాల్వు ఉన్నవారికి డాబిగట్రాన్ ఇచ్చి చూచిన పరిశోధనను నష్టము కనబడి మధ్యలోనే ఆపివేశారు, ఆ ఫలితములు 2013లో వచ్చాయి. మనకు మరీ దగ్గరి సంగతి 2022లో వెలువడిన ఇన్విక్టస్ పరిశోధన. కీళ్ళవాత గుండెజబ్బుతో లయ తప్పిన నాలుగున్నర వేల మందిని 24 దేశములలో పరిశీలించారు. మన దేశపు వైద్యులు అందులో ముఖ్యపాత్ర వహించారు. కొత్త రివరోక్సబాన్ కంటె పాత మందు వాడినవారిలోనే మరణములు తక్కువ, రక్తస్రావము ఎక్కువ కాలేదు. పాత మందే గెలుస్తుందని నేను కూడా అనుకోలేదు. కనుక అబ్బాయి పంపిన డబ్బా వచ్చినా డాక్టరుకు చూపించకుండా మార్చవద్దు.

సంఘము చేయగలిగినది చెప్పి ముగిస్తాను. మీ పాస్టరేటులో ఈ మాత్ర వేసుకొనేవారెవరో పాస్టరమ్మ గారి దగ్గర ఒక నోటుబుక్కులో వ్రాసి ఉంచండి. పేరు, మాత్ర, తరువాతి పరీక్ష తేదీ, అంతే చాలు. మాత్రను రంగుతో గుర్తు పెట్టుకోవద్దు, కంపెనీ మారితే రంగు మారవచ్చు. ఎన్ని మిల్లీగ్రాములో అట్ట మీద చదివించుకోండి. చదువు రానివారికి సండేస్కూలు పిల్లలు చదివి పెట్టగలరు. ఒక ఊరినుండి నలుగురు ఉంటే ఒకే రోజు ఒకే ఆటోలో రావచ్చు. నల్లని విరేచనము, ఎర్రని మూత్రము, ఆగని ముక్కురక్తము, తలకు దెబ్బ, ఉన్నట్టుండి మాట తడబడుట, టిక్కు శబ్దము తగ్గుట, వీటిలో ఏది కనబడినా కూటము మధ్యలోనైనా లేపి ఆసుపత్రికి తీసికొని పోండి.

నేను చెప్పిన ఆ సోదరి ఇక్కడికి వచ్చింది. తన సంగతి చెప్పుటకు నాకు అనుమతి ఇచ్చింది, పేరు చెప్పవద్దన్నది. పోయిన నెల ఆమె ఐ.ఎన్.ఆర్. 2.9. మాత్రల కార్డులు తెచ్చినవారు ఉంటే భోజనముల తరువాత వెనుక బల్ల దగ్గర కూర్చుంటాను, చూపించండి. ఇప్పుడు ప్రశ్నలు ఉంటే అడగండి.